దూకే జన్యువు ఎక్కడ దిగుతుందో కనిపెట్టడం ఎలా: విద్యార్థుల కోసం సమగ్ర మార్గదర్శి

తొలకరి పడి పత్తి గింజలు పెట్టిన పది పన్నెండు రోజులకు చేనులో నడిస్తే సాళ్ళలో అక్కడక్కడా ఖాళీలు కనిపిస్తాయి. వాటిని పోగుంటలు అంటాం. పరకాల దగ్గరి ఊరి నుంచి హనుమకొండకు చదువుకోవడానికి వచ్చిన ఎమ్మెస్సీ విద్యార్థి ఒకరోజు ల్యాబ్‌లో ఇలా అన్నాడు: "సార్, మా నాన్న పోగుంటలు పెట్టేముందు ఆ జాగల మట్టి గీకి చూస్తడు. గింజ మురిగి ఉంటే ఒక లెక్క, అసలు గింజే లేకుంటే ఇంకో లెక్క." అప్పుడు మేం వరిలో ఒక దూకే జన్యువు ఎక్కడెక్కడ దూరిందో పటం గీస్తున్నాం. కొన్ని చోట్ల అది గుంపుగా ఉంది, కొన్ని చోట్ల ఒక్కటీ లేదు. లేని చోట అది దిగనే లేదా? దిగినా ఆ మొక్క బతకలేదా? ఏళ్ళుగా తరగతిలో నేను చెప్పాలనుకుంటున్న తేడా ఆ అబ్బాయి రెండు మాటల్లో ఉంది. ఈ వ్యాసంలో ప్రతి అడుగూ ఆ తేడాను తేల్చడానికే.

జీనోమ్ అంటే ఒక జీవిలోని మొత్తం డీఎన్ఏ. అందులో ఒకచోటి నుంచి మరోచోటికి మారగల ముక్కలనే దూకే జన్యువులు, శాస్త్ర భాషలో చలన జన్యు మూలకాలు అంటారు. 1940లలో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్న గింజల మీది రంగు మచ్చలను పట్టి చూసి వీటిని కనిపెట్టారు. 1983లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి జీనోమ్‌లో దాదాపు సగం ఇవే, లేదా వీటి శిథిలాలే. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాల్లో వచ్చే మిర్చిని చూడండి. దాని జీనోమ్ పొడవు సుమారు 350 కోట్ల అక్షరాలు (డీఎన్ఏ వరుసలోని ఏ, టీ, జీ, సీలు). వరిది 40 కోట్ల లోపే. అలాగని మిర్చిలో అన్ని రెట్లు ఎక్కువ జన్యువులేమీ లేవు, పెరిగిన పొడవు చాలావరకు ఈ మూలకాలదే. పత్తిలోనూ ఇదే కథ: మన దేశీ పత్తి జీనోమ్ అమెరికా ఖండపు అడవి పత్తి గాసిపియం రైమండై జీనోమ్‌కు దాదాపు రెట్టింపు. ఆ తేడాలో పెద్ద వాటా ఆర్ఎన్ఏ నకలు ద్వారా దూకే మూలకాలదే, అంటే రెట్రోట్రాన్స్‌పోజాన్లదే.

ఎక్కడ దిగుతుందన్నది ఒక్కోసారి ప్రాణాల మీదికి వస్తుంది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలకు ఎలుకల ల్యుకేమియా వైరస్ నుంచి తయారుచేసిన వాహకంతో (మంచి జన్యువును కణంలోకి మోసుకెళ్ళేది) జన్యు చికిత్స చేశారు. చాలామంది కోలుకున్నారు. కానీ కొందరిలో ఆ వాహకం ఎల్ఎంఓ2 అనే జన్యువు పక్కన దూరి దాన్ని రెచ్చగొట్టింది. ఆ పిల్లలకు రక్త క్యాన్సర్ వచ్చింది. ఆ వైరస్ కుటుంబం జన్యువుల ముంగిట దిగడానికి ఇష్టపడుతుందని మనకు ఇప్పుడు తెలుసు.

మొదటి అడుగు: మీ మూలకం ఏ కుటుంబానిదో తెలుసుకోండి

చోటు ఎంచుకునేది మూలకంలోని డీఎన్ఏ కాదు, అది తయారుచేసే ఎంజైమ్. అందుకే ముందు ఎంజైమ్ ఏదో తేల్చుకోవాలి. స్థూలంగా నాలుగు రకాలు. ఉన్నచోటు నుంచి కోసుకుని వెళ్ళి మరోచోట అతుక్కునేవి ట్రాన్స్‌పోజేజ్‌తో పనిచేస్తాయి. ఆర్ఎన్ఏ నకలు తీసి, దాన్ని డీఎన్ఏగా మార్చి, ఇంటిగ్రేజ్‌తో అతికేవి ఎల్‌టీఆర్ రెట్రోట్రాన్స్‌పోజాన్లు. హెచ్ఐవీ లాంటి వైరస్‌లు కూడా ఈ దారిలోనే దూరతాయి. మూడో రకం లైన్ మూలకాలు. ఇవి ముందు ఆతిథేయి (మూలకం ఉండే జీవి) డీఎన్ఏకు ఒక గాటు పెట్టి, ఆ కోసిన కొస మీదే ఆర్ఎన్ఏను డీఎన్ఏగా రాసుకుంటూ పోతాయి. నాలుగోది బ్యాక్టీరియాలో దూరే లామ్డా ఫేజ్ అనే వైరస్ లాంటిది: ఈ.కోలై బ్యాక్టీరియాలో గ్యాల్, బయో జన్యువుల మధ్య ఉన్న ఒక్క చిరునామాకే వెళుతుంది.

రెండో అడుగు: అతుకును పట్టుకోండి

సీక్వెన్సింగ్ యంత్రం ఒక్కోసారి చదివి ఇచ్చే డీఎన్ఏ ముక్కను రీడ్ అంటారు. సగం మూలకం, సగం ఆతిథేయి జీనోమ్ ఉన్న రీడ్ మీకు కావాలి. మూలకం కొసన ఉన్న ముప్పై అక్షరాలు తీసుకుని రీడ్లలో వెతకండి. దొరికిన ప్రతి రీడ్‌లో మూలకం ముగిసిన తర్వాత మిగిలిన భాగాన్ని జీనోమ్‌తో పోల్చితే చిరునామా తెలుస్తుంది. వరుసలను పోల్చే బ్లాస్ట్ ప్రోగ్రాంతో మొదలుపెట్టినా చాలు. ఆ తర్వాత ప్రతి అతుకునూ, రీడ్లను జీనోమ్ మీద పరిచి చూపే ఐజీవీ ప్రోగ్రాంలో తెరిచి కళ్ళతో చూడండి. ప్రోగ్రాం ఇచ్చిన జాబితాను చూడకుండా నమ్మిన విద్యార్థులు తర్వాత నెలలు పోగొట్టుకోవడం చూశాను.

డేటా కోసం డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. 2014లో బయటికి వచ్చిన 3,000 వరి జీనోముల రీడ్లు అందరికీ ఉచితం. నెట్ నెమ్మదిగా ఉంటే ముందు ఐదారు రకాలవి మాత్రం దించుకోండి.

ఇక అసలు సాక్ష్యం. ట్రాన్స్‌పోజేజ్ గానీ ఇంటిగ్రేజ్ గానీ డీఎన్ఏ రెండు పోగులనూ ఒకదానికొకటి ఎదురెదురుగా కోయదు, కొన్ని అక్షరాల ఎడంతో కోస్తుంది. మూలకం ఆ ఎడం కొసలకు అతుక్కున్నాక మిగిలిన ఖాళీలను కణం తనే పూడ్చుకుంటుంది. దాంతో ఆ కొద్ది అక్షరాలు మూలకానికి రెండు వైపులా రెండుసార్లు కనిపిస్తాయి. ఐదు అక్షరాల ఎడం ఉంటే ఇలా:

దూరక ముందు: జీ-జీ-ఏ సీ-ఏ-జీ-టీ-ఏ సీ-సీ-టీ

దూరిన తర్వాత: జీ-జీ-ఏ సీ-ఏ-జీ-టీ-ఏ మూలకం సీ-ఏ-జీ-టీ-ఏ సీ-సీ-టీ

ఈ జంటను లక్ష్యస్థాన ద్విరుక్తి అందాం. దీని పొడవు ఎంజైమ్ వేలిముద్ర లాంటిది. హెచ్ఐవీకి 5, ఎలుకల ల్యుకేమియా వైరస్‌కు 4, ఈస్ట్ టీవై1కి 5, మొక్కజొన్న ఏసీ మూలకానికి 8, బ్యాక్టీరియాలోని టీఎన్5కు 9. మారినర్ కుటుంబం ఎప్పుడూ టీఏ దగ్గరే దూరుతుంది, పిగ్గీబ్యాక్ టీటీఏఏ దగ్గరే. మనుషుల్లోని లైన్-1కు మాత్రం పొడవు స్థిరంగా ఉండదు, సాధారణంగా 7 నుంచి 20 దాకా మారుతుంది. ద్విరుక్తి కనిపించకపోతే ఆగండి. అది దూకి వచ్చిన మూలకం కాకపోవచ్చు. ఆ చోట క్రోమోజోమ్ తెగి మళ్ళీ అతుక్కుని ఉండవచ్చు, లేదా రీడ్లనే తప్పుగా అతికించి ఉండవచ్చు.

మూడో అడుగు: ఒక్క దూరుడును ఒక్కసారే లెక్కపెట్టండి

ఎడమ అతుకూ కుడి అతుకూ ద్విరుక్తి పొడవంత దూరంలో రెండు వేరు స్థానాలుగా నమోదవుతాయి. కొత్తవాళ్ళు వాటిని రెండు దూరుళ్ళుగా, అంటే మూలకం రెండుసార్లు దూరినట్టుగా రాసేస్తారు. ద్విరుక్తి మధ్య అక్షరాన్నే స్థానంగా తీసుకోండి, మూలకం ఏ దిక్కుకు తిరిగి ఉందో పక్కన రాసుకోండి. డీఎన్ఏకు నకళ్ళు తీసే పీసీఆర్‌లో ఒకే ముక్క వేల నకళ్ళు అవుతుంది కాబట్టి, మూలకానికి ఏ చోటంటే ఎంత ఇష్టమో రీడ్ల సంఖ్యను చూసి కొలవకండి.

నాలుగో అడుగు: చుట్టూ ఉన్న అక్షరాలు చదవండి

ప్రతి స్థానానికి అటు ఇరవై, ఇటు ఇరవై అక్షరాలు తీసుకుని ద్విరుక్తి మధ్యను ఒకే గీత మీదికి తెచ్చి పేర్చండి. ఏ గడిలో ఏ అక్షరం ఎక్కువో వెబ్‌లోగో బొమ్మ గీసి ఇస్తుంది.

చాలా మూలకాల బొమ్మ అద్దంలో చూసినట్టు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఎడమ పోగు మీద ఒక ఎంజైమ్ అణువు, కుడి పోగు మీద మరొకటి ఒకే తీరులో పట్టుకుంటాయి కాబట్టి అలా వస్తుంది. మీ బొమ్మలో ఆ సౌష్ఠవం లేకపోతే ముందు మూడో అడుగులో వేసిన లెక్కను అనుమానించండి. ఒక అక్షరం తప్పుకున్నా బొమ్మ చెదిరిపోతుంది.

ఇంకొకటి, ఈ ఇష్టం చాలా మూలకాల్లో బలహీనంగానే ఉంటుంది. ఎంజైమ్ అక్షరాలను చదువుతున్నట్టు మనకు అనిపించినా, చాలాసార్లు అది చూసేది డీఎన్ఏ ఎంత తేలికగా వంగుతుందన్నదే. హెచ్ఐవీ ఇంటిగ్రేజ్‌కు న్యూక్లియోజోమ్‌లో, అంటే హిస్టోన్ ప్రొటీన్ల ఉండ చుట్టూ చుట్టుకుని వంగిన డీఎన్ఏ అంటే ఇష్టం. కొన్ని అక్షరాల వరుసలు ఆ వంపుకు సులభంగా లొంగుతాయి. అంతే.

ఐదో అడుగు: దేనితో పోల్చాలో నిర్ణయించండి

ఈ అడుగులో తొందరపడకండి. నా మొదటి ప్రాజెక్టు ఇక్కడే తప్పింది. వరిలో ఎంపింగ్ అనే చిన్న మూలకం మీద పని. జన్యువుల ముంగిట అది గుంపుగా ఉందని చూసి సంతోషించి, జీనోమ్ మొత్తంలోంచి ఎక్కడపడితే అక్కడ స్థానాలు తీసి పోల్చాను. తేడా చాలా పెద్దదిగా వచ్చింది. తర్వాత అర్థమైంది: పునరుక్తులు (ఒకే వరుస మళ్ళీ మళ్ళీ రావడం) ఎక్కువున్న ప్రాంతాల్లో రీడ్ ఎక్కడిదో కచ్చితంగా చెప్పలేం కాబట్టి అక్కడి దూరుళ్ళు నా జాబితాలోకి రానేలేదు. పోల్చడానికి తీసిన స్థానాల్లో మాత్రం ఆ ప్రాంతాలన్నీ ఉన్నాయి. వాటిని తీసేసి మళ్ళీ లెక్కేస్తే తేడా బాగా తగ్గింది, కానీ నిలబడింది. ఆ నిలబడినదే నిజమైన ఫలితం.

పోల్చే స్థానాలకు మూడు షరతులు పెట్టుకోండి. రీడ్లను ఒకే చోటుకు కచ్చితంగా కలపగల ప్రాంతంలోనే అవి ఉండాలి. మూలకానికి తప్పనిసరైన అక్షరాలు అక్కడ ఉండాలి: మారినర్ అయితే టీఏ ఉన్న చోట్లలోంచే తీయాలి, ఎంపింగ్ అయితే టీటీఏ లేదా టీఏఏ ఉన్న చోట్లలోంచే. ల్యాబ్‌లో ఏదైనా రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో (నిర్దిష్ట వరుస దగ్గర డీఎన్ఏను కోసేది) కోసి, సీక్వెన్సింగ్ కోసం ముక్కల లైబ్రరీ చేసి ఉంటే, ఆ ఎంజైమ్ కోసే చోటికి ఎంత దూరంలో ఉన్నాయన్నది కూడా సరిపోవాలి.

ఆ తర్వాత మీ దగ్గర ఉన్నన్ని స్థానాల గుంపునే వెయ్యిసార్లు తీయండి. మీకు 200 దూరుళ్ళు ఉన్నాయనీ, వాటిలో 70 జన్యువు మొదలుకు ముందున్న వెయ్యి అక్షరాల్లో పడ్డాయనీ అనుకుందాం. వెయ్యి గుంపుల్లో ఒక్కటి కూడా 70ని అందుకోకపోతే అప్పుడు ఇష్టం ఉందని ధైర్యంగా చెప్పవచ్చు. జీనోమ్ స్థానాలను పోల్చే బెడ్‌టూల్స్ ప్రోగ్రాంతో ఈ పనంతా సాధారణ ల్యాప్‌టాప్ మీద ఒక పూటలో అయిపోతుంది.

ఆరో అడుగు: దారి చూపించేవాళ్ళను వెతకండి

ఐదో అడుగు దాటి ఇష్టం నిలబడితే, అది ఎవరి వల్లో అడగాలి. ఎంజైమ్ ఒంటరిగా తిరగదు. ఆతిథేయి ప్రొటీన్ ఒకటి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకని మీ స్థానాలను జన్యువుల పటం మీద, న్యూక్లియోజోమ్ పటం మీద, హిస్టోన్ గుర్తుల (హిస్టోన్ ప్రొటీన్ల మీది రసాయన గుర్తుల) పటం మీద ఒక్కొక్కటిగా పరచండి.

ఈస్ట్ దీనికి మంచి పాఠశాల. దాని జీనోమ్ ఇరుకైన వీధి లాంటిది, ఎక్కడ దిగినా ఏదో జన్యువు తగులుతుంది. టీవై1 ఇంటిగ్రేజ్, టీఆర్ఎన్ఏ జన్యువులను ఆర్ఎన్ఏగా రాసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 3 అనే ఎంజైమ్‌లోని ఏసీ40 అనే భాగాన్ని పట్టుకుని టీఆర్ఎన్ఏ జన్యువుల ఎగువన దిగుతుంది. టీవై3 మరీ కచ్చితం, ట్రాన్స్‌క్రిప్షన్ (జన్యువును ఆర్ఎన్ఏగా రాయడం) మొదలయ్యే చోటుకు ఒకటి రెండు అక్షరాల్లోపే. టీవై5 ఎస్ఐఆర్4 అనే ప్రొటీన్‌ను పట్టుకుని నిశ్శబ్దంగా ఉండే క్రోమోజోమ్ కొసలకు పోతుంది. మూడూ ఒకే కణంలో ఉన్నా వెళ్ళే చోట్లు వేరు. ఆతిథేయిని చంపకుండా బతకడానికి మూడు దారులు అనవచ్చు.

హెచ్ఐవీ ఇంటిగ్రేజ్‌ను ఎల్ఈడీజీఎఫ్ అనే ప్రొటీన్ చురుకుగా పనిచేస్తున్న జన్యువుల లోపలికి తీసుకెళుతుంది. ఎలుకల ల్యుకేమియా వైరస్‌కు బీఈటీ ప్రొటీన్లు తోడు. అందుకే అది జన్యువుల ముంగిట, వాటిని పెంచే ఎన్‌హాన్సర్ల దగ్గర దిగుతుంది. పైన చెప్పిన పిల్లల విషాదానికి మూలం ఈ పట్టులోనే ఉంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది టీఎన్7. దాని టీఎన్ఎస్‌డీ ప్రొటీన్ బ్యాక్టీరియాలో గ్లమ్ఎస్ అనే తప్పనిసరి జన్యువు చివరి భాగాన్ని చదువుతుంది. దూరేది మాత్రం ఆ జన్యువు దాటాక, బయట. చదివే భాగం జన్యువు లోపల ఉంది కాబట్టి అది ఏ బ్యాక్టీరియాలోనూ అంత తొందరగా మారదు. దిగే చోటు బయట ఉంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఆ చోట ఒక టీఎన్7 ఉంటే రెండోది రాదు. అదే టీఎన్7కు టీఎన్ఎస్‌ఈ అనే మరో ప్రొటీన్ కూడా ఉంది. అది కొత్త కణాలకు ప్రయాణించే ప్లాస్మిడ్ల (క్రోమోజోమ్‌కు బయట ఉండే చిన్న డీఎన్ఏ వలయాల) మీదికి తీసుకెళుతుంది. ఒకటి ఇంట్లో స్థిరపడే దారి, ఇంకొకటి ఊరు దాటే దారి. 2019లో టీఎన్7 బంధువుల్లో కొన్ని క్రిస్పర్ గైడ్ ఆర్ఎన్ఏతో చిరునామా వెతుక్కుంటాయని రుజువైంది.

పట్టుపురుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మహదేవపూర్ పేరు వినగానే మనకు దసలి పట్టు గుర్తొస్తుంది. ఇది మాత్రం మల్బరీ ఆకు తినే పట్టుపురుగు కథ. అందులోని ఆర్2 అనే మూలకం రైబోజోమ్ తయారీకి అవసరమైన 28ఎస్ జన్యువులో ఒకే ఒక్క నిర్దిష్ట చోట గాటు పెట్టి దూరుతుంది. కోసిన కొస మీదే డీఎన్ఏ రాసుకునే పద్ధతి 1993లో ముందుగా రుజువైంది ఈ ఆర్2తోనే. 28ఎస్ జన్యువుకు వందల నకళ్ళు ఉంటాయి కాబట్టి కొన్ని చెడినా పురుగు తట్టుకుంటుంది.

ఏడో అడుగు: మట్టి గీకి చూడండి

ఇప్పుడు పోగుంట ప్రశ్న. ఇవాళ మీకు కనిపించే పటం రెండింటి ఫలితం: మూలకం ఎక్కడ దిగింది, దిగిన వాటిలో ఏది మిగిలింది. విడదీయడానికి నమ్మదగ్గ మార్గం కొత్త దూరుళ్ళనూ పాతవాటినీ వేరువేరుగా పటం గీయడం. నిన్న మొన్న దిగినవి గింజ పెట్టిన రోజు చేనులా ఉంటాయి. లక్షల ఏళ్ళ కిందటివి కోతకు వచ్చిన చేనులా ఉంటాయి.

మనిషి జీనోమ్‌లో దీనికి చక్కని ఉదాహరణ ఉంది. ఆలూ మూలకాలకు సొంత ఎంజైమ్ లేదు, లైన్-1 ఎంజైమ్‌నే వాడుకుంటాయి. రెండిటికీ గాటు పడేది టీటీటీటీఏఏ లాంటి చోట్లలోనే. అంటే రెండూ ఒకేలా పంచుకుని ఉండాలి. కానీ పాత ఆలూలు జీసీ ఎక్కువగా, జన్యువులు దట్టంగా ఉండే ప్రాంతాల్లో కనిపిస్తాయి. లైన్-1లు ఏటీ ఎక్కువున్న ప్రాంతాల్లో మిగిలాయి. వయసు తక్కువున్న ఆలూలను మాత్రమే తీసి చూస్తే అవి లైన్-1కు దగ్గరగా ఉన్నాయి. దిగిన చోట్లు ఒకటే, మిగిలిన చోట్లు వేరు. పాతవాటిని మాత్రమే చూసి ఆలూకు జన్యువులంటే ఇష్టమని రాసి ఉంటే అది తప్పు.

వరి ఎంపింగ్‌లో ఫలితం ఇంకోలా వచ్చింది. 2003లో బయటపడిన ఈ 430 అక్షరాల మూలకం జపాన్‌కు చెందిన ఈజీ4 అనే రకంలో ఇప్పటికీ దూకుతూనే ఉంది. ఒక్కో మొక్కలో ఒక్కో తరానికి సుమారు 40 కొత్త దూరుళ్ళు. ఇంత తాజావి దొరకడం అరుదు. వాటిలో కూడా ప్రొటీన్‌ను రాసే ఎక్సాన్లలో దిగినవి చాలా తక్కువ, జన్యువులకు ముందున్న వెయ్యి అక్షరాల్లో ఎక్కువ. చావడానికి ఇంకా టైమ్ రాని దూరుళ్ళలోనే ఇలా ఉందంటే, ఎక్సాన్లలో గింజే పడలేదన్నమాట.

బ్యాక్టీరియాలో ఈ గందరగోళం మరో రూపంలో వస్తుంది. క్షయ బ్యాక్టీరియా జీనోమ్‌లో సుమారు 74,600 టీఏ చోట్లు ఉన్నాయి. మారినర్ కుటుంబపు హిమార్1ను వదిలి, ఏ జన్యువులో ఒక్క దూరుడూ కనిపించదో చూసి, అది బతకడానికి తప్పనిసరి అని చెప్పే పద్ధతి ఉంది. అది మంచి పద్ధతే. కానీ చుట్టూ జీసీలు ఒక ప్రత్యేక వరుసలో ఉన్న కొన్ని టీఏలలో హిమార్1 అసలు దూరదని తర్వాత తేలింది. అలాంటి టీఏలు మాత్రమే ఉన్న చిన్న జన్యువు ఖాళీగా కనిపించినంత మాత్రాన అది తప్పనిసరి జన్యువు అనలేం.

ఎనిమిదో అడుగు: చేతులతో రుజువు చేయండి

పటం అనుమానాన్ని మాత్రమే ఇస్తుంది. దారి చూపేది ఫలానా ప్రొటీన్ అని చెప్పాలంటే దాన్ని తీసేసి చూడాలి. ఎల్ఈడీజీఎఫ్ లేని కణాల్లో హెచ్ఐవీ జన్యువుల లోపల దిగడం తగ్గిపోయింది. 2015లో ఈస్ట్‌లోని ఏసీ40 స్థానంలో మరో ఈస్ట్ జాతి ఏసీ40ను పెట్టారు. టీవై1 దూకడం ఆపలేదు, టీఆర్ఎన్ఏ జన్యువులను వదిలి క్రోమోజోమ్ కొసల దగ్గరి ప్రాంతాలకు మళ్ళింది. ఇంత స్పష్టమైన రుజువు ఏ గణాంకమూ ఇవ్వలేదు.

మన దగ్గరి కాలేజీ ల్యాబ్‌లో అంత చేయలేకపోయినా, దూరుడు నిజమో కాదో మాత్రం తేల్చుకోవచ్చు. వరి నారు ఆకుల నుంచి సీటాబ్ (ఒక డిటర్జెంట్) పద్ధతిలో డీఎన్ఏ తీయండి. పీసీఆర్ కోసం దూరిన చోటుకు అటూ ఇటూ రెండు ప్రైమర్లు (నకలు మొదలయ్యే చోటు చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెట్టండి, ఖాళీ చోటుకు 300 అక్షరాల ముక్క వచ్చేలా. ఎంపింగ్ ఉంటే దాని 430, ద్విరుక్తి 3 కలిసి 733 అవుతుంది. ఒకటిన్నర శాతం అగరోజ్ జెల్ మీద రెండు గీతలూ ఎడంగా కనిపిస్తాయి. రెండూ ఒకే మొక్కలో వస్తే మూలకం జత క్రోమోజోముల్లో ఒకదాని మీదే ఉందని అర్థం. తల్లి మొక్కలో 300 గీత మాత్రమే ఉండి, దాని విత్తనాల్లోంచి వచ్చిన ఒక నారులో 733 కూడా కనిపిస్తే ఆ దూరుడు కొత్తది. దాన్ని ఏడో అడుగులోని తాజా జాబితాలో చేర్చి ఐదో అడుగు నుంచి లెక్క మళ్ళీ వేయండి.